పొదుపు చేయమంటున్నది ఎవరిని?

ఎండలు ముదిరినయి, గ్రూపుల్లో "నీటిని పొదుపుగా వాడండి" అనే పోస్టర్లు కూడా మొదలైనయి. మంచిదే. కానీ ఆ మాట మన గూడెంలో బిందెకూ, పట్నంలో కారు కడిగే పైపుకూ ఒకే తీరుగా ఎట్లా వర్తిస్తదో మాకు అర్థం కాలేదు. అందుకే ఈ పోస్ట్. కొంచెం పొడుగుంటది, ఓపికగా చదవండి.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ సంగతి కొందరికి తెలిసే ఉంటది. 2015 నుంచి వరుసగా మూడేండ్లు వానలు సరిగా పడక డ్యాములు అడుగంటాయి. 2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లు దాటొద్దని నగర పాలకులు ఆంక్ష పెట్టారు. నల్లా నీళ్లతో కారు కడగొద్దు, ఈతకొలను నింపొద్దు. ఇంకా తగ్గితే ఇండ్లకు నల్లాలు బంద్ చేసి, మనిషికి 25 లీటర్ల లెక్కన లైన్లో నిలబెట్టి ఇస్తామన్నారు. ఆ రోజుకు 'డే జీరో' అని పేరు. ప్రపంచమంతా అదే వార్త. జనం వాడకం తగ్గించారు, తర్వాత వానలూ పడ్డాయి, ఆ రోజు రాలేదు.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. మాలో ఒకరి ఇల్లు ఆసిఫాబాద్ జిల్లాలో గుట్ట మీది కొలాం గూడెంలో. ఇంట్లో ఐదుగురు. పోయిన మే నెలలో చీకటితోనే లేచి, వాగులో చెలిమె తోడి, ఊట ఊరేదాకా కూర్చొని తెచ్చుకున్నవి రోజుకు ఎనిమిది బిందెలు. బిందెకు 15 లీటర్లు అనుకుంటే 120. మనిషికి 24 లీటర్లు. తాగుడు, వంట, స్నానం, బట్టలు అన్నీ అందులోనే. ఈ లెక్క తేలినప్పుడు కాసేపు ఎవరం మాట్లాడలేదు. కేప్‌టౌన్ వణికిపోయిన డే జీరో కంటే ఒక లీటరు తక్కువ! మన దగ్గర దానికి పేరు కూడా లేదు, ఎండాకాలం అంటాం అంతే.

కాగితం మీద లెక్క వేరు. గ్రామాల్లో మనిషికి 100 లీటర్లని మిషన్ భగీరథ, 55 లీటర్లని జల్ జీవన్ మిషన్. ఆ గూడేనికి నల్లా వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ గుట్ట మీదికి నీళ్లెక్కాలంటే మోటారు నడవాలి. అది కాలిపోతే బాగుచేసేసరికి వానాకాలం వస్తది. రికార్డులో నల్లా ఉన్న ఊరు కాబట్టి ట్యాంకర్ కూడా రాదు.

మేం ఆంక్షలకు వ్యతిరేకం కాదు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీళ్లతో కార్లు కడిగితే, తోటలు తడిపితే 5,000 రూపాయల జరిమానా అన్నది. సరైన పనే. అది ఎక్కువ వాడేవాళ్ల మీద పెట్టిన ఆంక్ష. మన హాస్టళ్లలో జరిగేది అది కాదు. మాలో కొందరం చదివిన ఒక హాస్టల్‌లో ఎండాకాలం మనిషికి ఒక్కటే బకెట్. నెలసరి రోజుల్లో కూడా ఆడపిల్లలకు అదే బకెట్. రెండోది అడిగితే "నీళ్ల విలువ తెల్వదా" అని తిట్లు. చెలిమె కాడ కూర్చొని పెరిగిన పిల్లకు నీళ్ల విలువ పాఠం!

ఎవరికైనా 'ఇంతకు మించి వాడొద్దు' అనే ముందు 'ఇంతకు తగ్గకుండా ఇస్తాం' అనాలి. ఆ కనీసం అందని ఇంటి మీద, హాస్టల్ మీద కోత పెట్టొద్దు. నల్లా ఉందా అని కాదు, నీళ్లు వచ్చినయా అని చూసి ట్యాంకర్ పంపాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని 1996 పెసా చట్టం చెప్తున్నది. గ్రామసభలో మనం అడగొచ్చు, అడగాలి కూడా.

అడగాలంటే చేతిలో లెక్క ఉండాలి. సెలవులకు ఇంటికి పోయినోళ్లు ఒక వారం పాటు నోట్‌బుక్‌లో రాయండి: ఇంట్లో ఎందరు, రోజుకు ఎన్ని బిందెలు, ఎక్కడి నుంచి, ఎవరు మోశారు, ఎంతసేపు పట్టింది. నల్లా ఉంటే ఏ రోజు వచ్చింది, ఏ రోజు రాలేదు. ఆ పేజీ ఫోటో తీసి ఇక్కడే కామెంట్లో పెట్టండి. గూడెం పేరు చాలు, ఇంటివాళ్ల పేర్లు వద్దు. మేం మండలాల వారీగా కూర్చి, గ్రామసభకు ముందే మీకు తిరిగి పంపిస్తాం.