సంవత్సరాదియు రాజశాసనములును

నాణెముపై బొమ్మను మార్చుట ప్రభుత్వమునకు సులభము. తూనికలను, కొలతలను మార్చుటయు కొంత శ్రమతో సాధ్యమే. కాని ప్రజలు ఏ దినమున తెల్లవారుజామున తలంటి పోసికొని, గడపకు పసుపు రాచి, పెద్దలకు నమస్కరించి ఏడు మారినదని తలంతురో, ఆ దినమును మార్చ బూనిన ప్రభుత్వములు మాత్రము ఆసియాఖండమున పెక్కుమారులు భంగపడినవి. గడచిన నూటయేబది సంవత్సరములలో జపాను మొదలు పారసీకము వరకు జరిగిన ఈ ప్రయత్నముల చరిత్రను ఉగాదిని జరుపుకొను మనము ఒకసారి పరిశీలించుట అవసరము. ఏ జాతి తన సంవత్సరాదిని ఏవిధముగా నిలుపుకొన్నదో తెలిసిననే గాని, మనము నిలుపుకొనుచున్నది పండుగనా, పేరునా యను ప్రశ్నకు సమాధానము దొరకదు.

మొదట జపానును చూతము. మెయిజీ ప్రభుత్వము 1872 సంవత్సరాంతమున ఒక శాసనమును ప్రకటించెను. చాంద్రమానమును విడిచి పాశ్చాత్య సౌరమానమును గ్రహింపవలయునని దాని సారాంశము. ప్రజలకు చిక్కిన గడువు నెలదినములైనను లేదు. పండ్రెండవ మాసమున రెండుదినములు గడచినవో లేదో, మూడవదినము 1873 జనవరి 1వ తేదీగా మారిపోయెను. ఇంతటి తొందరకు నాగరకతాభిమాన మొక్కటియే కారణము కాదు. రాబోవు చాంద్రసంవత్సరమున అధికమాసము వచ్చుచుండెను. ఉద్యోగులకు పదుమూడు జీతము లీయవలసివచ్చును. బొక్కసము చూడబోయిన వట్టిది. మానమును మార్చుటచే ఆ పదుమూడవ జీతమును, రెండుదినముల పండ్రెండవ మాసపు జీతమును కూడ మిగిలినవి. ఆకాలపు ఆర్థికవ్యవహారములను నడిపిన ఓకుమా షిగెనోబు ఈ సంగతిని తరువాత దాచలేదు. ఫుకుజావా యుకిచి నూతనమానమును ప్రజలకు బోధించుటకై ఒక చిన్నపుస్తకమునే వ్రాసెను.

జపాను ప్రజలు శాసనమును శిరసావహించిరి. పల్లెలలో వ్యవసాయదారులు పెక్కేండ్లు పాత సంవత్సరాదిని విడువకున్నను, క్రమముగా ఆచారములన్నియు జనవరికి తరలిపోయినవి. సంవత్సరాంతపు రాత్రి బౌద్ధాలయములలో నూటయెనిమిది మారులు గంట మ్రోగించుట, గుమ్మమున వెదురును, దేవదారు కొమ్మలను నిలుపుట, దంచిన బియ్యపుముద్దతో చేసిన మోచిని ఆరగించుట, ఇవియన్నియు నేటికిని నిలిచియున్నవి. పోయినది ఋతువు. సంవత్సరాది శుభాకాంక్షల పత్రికలపై నేటికిని వసంతమునకు స్వాగతమను మాటను వ్రాయుదురు. కాని ఆ పత్రిక చేరునప్పటికి వెలుపల గడ్డకట్టు చలి, ఉత్తరప్రాంతముల మంచు. ఒకప్పుడు రేగుపూవు మొగ్గతొడుగు వేళకు వచ్చిన పండుగ ఇప్పుడు శీతకాలపు నడుమకు వచ్చినది. ఆచారములను కాపాడుకొని అర్థమును కొంత కోల్పోయిన జాతికి జపాను దృష్టాంతము.

చైనాదేశపు కథ వేరు. 1912 జనవరి 1వ తేదీన సన్ యట్‌సేన్ అధ్యక్షపదవిని స్వీకరించిన వెంటనే పాశ్చాత్యమానము రాజ్యమానమైనది. రెండేండ్లకు పాత సంవత్సరాదికి ‘వసంతోత్సవ’మను క్రొత్తపేరు వచ్చెను, సంవత్సరాది యను గౌరవము జనవరికి చెల్లవలెనని ఉద్దేశము. 1928 తరువాత నాన్కింగు ప్రభుత్వము ఇంకను ముందునకు పోయి, పాత పంచాంగములను అమ్మరాదనియు, పాత తిథినిబట్టి సెలవు లీయరాదనియు ఆజ్ఞాపించెను. అంగళ్లను తెరచియుంచవలయునని అధికారులు వీథులవెంట తిరిగిరి. ప్రజలు మాత్రము తలుపు వేసికొని లోపల పండుగ చేసికొనిరి. కొన్నియేండ్లకే ప్రభుత్వము పట్టు సడలించెను. 1949లో వచ్చిన సామ్యవాద ప్రభుత్వము ఆరంభమున వివేకము చూపి వసంతోత్సవమునకు మూడుదినముల సెలవు నొసంగెను. సాంస్కృతిక విప్లవపు ఆవేశమున 1967లో ఆ సెలవునే రద్దుచేసి, ఆదినమునను పని చేయుడని శాసించిరి. 1980 నాటికి సెలవు తిరిగి వచ్చెను. 2025 నుండి సంవత్సరాంతపు దినమునుకూడ చేర్చి నాలుగుదినములు చేసిరి. రాజవంశమునకును, ప్రజాస్వామ్యమునకును, సామ్యవాదమునకును లొంగక నిలిచినది ఆ పండుగ.

అది నిలుచుటకు కారణమేమి? గృహమే కారణమని మా విశ్వాసము. పండ్రెండవ మాసపు ఇరువదిమూడవ తిథి ప్రాంతమున చైనా గృహిణి పొయ్యిదగ్గరి దేవతకు తీపి నివేదించి సాగనంపును. ఆ దేవత ఆ యింటి మంచిచెడ్డలను స్వర్గమున విన్నవించునట. నోటికి తీపి అంటిన దేవత తీపిమాటలే పలుకునని వారి నమ్మకము. పిదప ఇల్లంతయు ఊడ్తురు. పండుగనాడు మాత్రము చీపురు ముట్టరు. వచ్చిన భాగ్యమును వెలుపలికి ఊడ్చినట్లగునని భయము. సంవత్సరాంతపు రాత్రి ఎంతదూరమున నున్నవాడును ఇంటికి చేరి తల్లిదండ్రులతో కూర్చుండి భుజింపవలయును. నేడును కోట్లకొలది కూలీలు ఆ ఒక్క భోజనమునకై పట్టణములు విడిచి రైళ్లలో నిలువుకాళ్లపై ప్రయాణము చేయుచున్నారు. అప్పుల విషయమున ఈ గడువునకు ఇంకొక బలము కలదు. పాత ఋణములను ఏడు మారకముందే తీర్చుట వర్తకధర్మము. కావుననే అంగడివాని ఖాతాపుస్తకము, రైతు గాదె, గృహిణి పొయ్యి మూడును ఒకే తిథికి కట్టువడియుండెను. అట్టి ముడిని ఒక గెజెటు ప్రకటన విప్పజాలదు.

కొరియావారి దుఃఖము మనకు సులభముగా బోధపడును. 1896లోనే వారి ప్రభుత్వము సౌరమానమును గ్రహించెను. 1910 నుండి 1945 వరకు దేశము జపాను ఏలుబడిలో నుండగా, వారి సంవత్సరాదికి ‘పాతపండుగ’ యని చులకనపేరు పెట్టి, పాలకుల పండుగకు ‘క్రొత్తపండుగ’ యని గౌరవమిచ్చిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఏమి జరిగినది? స్వదేశీయుల ప్రభుత్వము సైతము జనవరి మొదటి మూడుదినములనే సెలవుగా నుంచి, రెండు సంవత్సరాదులు జరుపుట వ్యర్థవ్యయమని ప్రజలను మందలించెను. పరపాలకుడు పోయినను వాని క్యాలెండరు గోడపై నిలిచిపోయెను. అయినను ప్రజలు పితృదేవతలకు నివేదన చేయుట మానలేదు. బియ్యపుపిండి బిళ్లల పులుసును త్రాగిననే వయస్సు ఒక యేడు పెరుగునను వాడుకయు మానలేదు. తుదకు 1985లో ‘జానపదదిన’మను మారుపేరుతో ఒక్కదినము సెలవు లభించెను. 1989లో ‘సొల్లాల్’ అను నిజనామమును, మూడుదినముల సెలవును తిరిగి వచ్చినవి. ఆ తరువాత పదేండ్లకు జనవరి సెలవు ఒక్కదినమునకు కుదింపబడెను. అరువదేండ్ల చక్రము వారికిని కలదు. ఆ చక్రము పూర్తియైన వృద్ధునకు బిడ్డలు చేయు వేడుక మన షష్టిపూర్తికి సోదరియే.

వియత్నాములో కాలగణనయే యుద్ధములో చేరెను. ఉత్తరదేశపు ప్రభుత్వము 1967లో తన గడియారమును గ్రీనిచ్‌కు ఏడుగంటలు ముందున నిలిపి, ఆ లెక్కతో పంచాంగమును సవరించెను. దక్షిణదేశము ఎనిమిదిగంటల లెక్కనే విడువలేదు. 1968లో అమావాస్య సంధికాలము ఒక గడియారమున అర్ధరాత్రికి ముందును, ఇంకొకదానియందు అర్ధరాత్రి దాటిన తరువాతను పడెను. ఫలితముగా ‘తేత్’ పండుగ ఉత్తరమున జనవరి 29వ తేదీనను, దక్షిణమున 30వ తేదీనను వచ్చినది. ఒకే భాష మాటలాడు ఒకే జాతి రెండు వేర్వేరు దినములందు ఏడు మారినదని తలచెను. ప్రతియేటను తిథిద్వయమునుగూర్చి కలహించు మన పంచాంగకర్తలు ఈ యుదాహరణమును జ్ఞప్తియం దుంచుకొందురుగాక.

థాయిలాండునకును మనకును బంధుత్వము మరింత దగ్గరిది. వారి ‘సోంక్రాన్’ మన సంక్రాంతి శబ్దమే. సూర్యుడు మేషరాశిని ప్రవేశించు కాలమునుబట్టి అరవ, మలయాళ, సింహళ దేశములును, బర్మా, లావోస్, కంబోడియాలును ఏప్రిలు నడుమనే సంవత్సరాదిని జరుపుచున్నవి. థాయి రాజ్యమున 1889లో ఏప్రిలు 1వ తేదీని సంవత్సరాదిగా నిర్ణయించిరి. 1941 నుండి జనవరి 1వ తేదీని గ్రహించుటచే వారి 2483వ బౌద్ధసంవత్సరమునకు తొమ్మిదినెలలే మిగిలినవి. ఐనను ఏప్రిలు 13వ తేదీన పిల్లలు వృద్ధుల చేతులపై పన్నీరు పోసి ఆశీర్వాదమును పొందుట నిలువలేదు. సింహళమున పాతయేడు పోయి క్రొత్తయేడు నిలుచు నడిమి గడియలలో పొయ్యి రాజేయరు, పని చేయరు. పిదప శుభముహూర్తమున ద్వీపమంతట ఒకేమారు పొయ్యి వెలిగించి పాలయన్నము వండుదురు. ఆ తరువాత ఇరుగుపొరుగువారితో మొదటి ఇచ్చిపుచ్చుకొనుట జరుపుదురు.

పారసీకుల ‘నౌరోజు’ వసంతవిషువత్తు క్షణముననే ఆరంభమగును. అది నడిరేయియైనను ఇంటిల్లిపాదియు మేల్కొని యుందురు. మొలకెత్తిన గోధుమ, వెల్లుల్లి, ఆపిలుపండు, సిర్కా మొదలగు ‘సీన్’ అక్షరముతో ఆరంభమగు ఏడువస్తువులను బల్లపై అమర్తురు. మన ఆరురుచుల పచ్చడిని చూచినవారికి ఇది క్రొత్తగా తోచదు. 1976లో ఇరాను షా సంవత్సరపు అంకెను మార్చి ప్రాచీన సామ్రాజ్యకాలము నుండి లెక్కింప నాజ్ఞాపించెను. ప్రజలు మండిపడగా 1978లోనే ఆ ఆజ్ఞ ఉపసంహరింపబడెను. 1979 విప్లవము సింహాసనమును కూల్చినది గాని నౌరోజును కదల్పలేదు. ఆఫ్ఘనిస్థానమున తాలిబాన్ అధికారులు 2022లో దానిని ప్రభుత్వ సెలవుల నుండి తొలగించిరి. ఐక్యరాజ్యసమితి 2010లో అంతర్జాతీయదినముగా గుర్తించిన పండుగకు పట్టిన గతి యిది. కాని పై చరిత్ర నెరిగినవారికి ఇట్టి ఆజ్ఞల ఆయువు ఎంతయో తెలియును.

ఇక మన దేశమునకు వత్తము. స్వతంత్రభారత ప్రభుత్వము 1952లో మేఘనాద సాహా అధ్యక్షతను పంచాంగసంస్కరణ సంఘమును నియమించెను. దేశమున సుమారు ముప్పది పంచాంగములు వాడుకలో నుండుటను గమనించి, ఆ సంఘము శాస్త్రీయమైన శకమానమును సిఫారసు చేసెను. 1957 మార్చి 22వ తేదీ శక 1879 చైత్రము 1వ తేదీగా అది అమలునకు వచ్చెను. సాహా పాండిత్యము నెవరును శంకింపజాలరు. ఆ గణన నిర్దుష్టమైనది. కాని ఆనాటి నుండి నేటివరకు ఆ చైత్రము 1వ తేదీన ఏ యింటనైనను మామిడాకుల తోరణము కట్టిరా? గెజెటుపై తేదీగా నిలిచినదేగాని గుమ్మములోనికి రాలేదు. చైనాలో ప్రభుత్వము కాదన్నను పండుగ నిలిచెను. ఇచ్చట ప్రభుత్వము ఔనన్నను పండుగ పుట్టలేదు. రెండును ఒకే సత్యమునకు సాక్ష్యములు.

సంస్కర్తల వాదమును త్రోసిపుచ్చుట మా ఉద్దేశము కాదు. రైళ్లకును, బ్యాంకులకును, న్యాయస్థానములకును ప్రపంచమంతటితో పొసగు తేదీ యొకటి కావలయును. ఋణము చేసి విందులు చేయుట, బాణసంచా పొగలో ఊపిరాడకుండ చేసికొనుట, నీటియాటల మత్తులో బాటలపై ప్రాణములు కోల్పోవుట, ఇవి ఏ సంప్రదాయమునకును శోభ కావు. కందాయఫలములు చదివి అమాయకులను భయపెట్టి దక్షిణలు లాగుట మనలోనే కలదు. ఈ కలుపును తీయుట న్యాయమే. కలుపుతోబాటు పైరునుకూడ పెరికివైచుటకు మేము సమ్మతింపము.

ప్రభుత్వములు చంపలేని సంవత్సరాదిని గృహస్థుల అశ్రద్ధ చంపగలదు. మన యిండ్లలో జరుగుచున్నదేమో చూతము. వేపపూత కోయుటకు చెట్టు వెదకు ఓపిక లేక పచ్చడిని అంగడి నుండి తెచ్చుచున్నారు. ఊరి దేవాలయమున రైతులందరును కూర్చుండి వానలెన్నియో, ఏ పైరు పండునో వినిన పంచాంగశ్రవణము టెలివిజను పెట్టెలోని రాశిఫలముగా క్షీణించినది. ఆ శ్రవణమున జోస్యమెంత నిజమైనను కాకున్నను, గ్రామమంతయు ఒకచోట చేరి రాబోవు సేద్యమునుగూర్చి యోచించుట నిజము. కార్యాలయములకు ఉగాది సెలవు కలదు. అంగళ్లలో, హోటళ్లలో, ఇటుకబట్టీలలో పనిచేయువారి కెందరికి కలదు? భూస్వామి తన పాలేరుకు ఆదినము జీతపుసెలవు నిచ్చి, పాతబాకీని తేల్చి క్రొత్తలెక్క ఆరంభించిననాడు ఆ యింటి పచ్చడికి ఆరవరుచి చేరును. అది లేనియెడల షడ్రుచులను గూర్చిన ఉపన్యాసము పెదవులపైననే నిలుచును.

పందొమ్మిదవ శతాబ్దమున చెరకుతోటల కూలికై మారిషసు ద్వీపమునకు పోయిన తెలుగువారి నీసందర్భమున తలంపక తప్పదు. వారిలో పెక్కురు భూమి లేనివారు, చదువు లేనివారు. వారి వెంట పోయినది పండుగయొక్కటే. ఆ ద్వీపమున నేడు ఉగాది ప్రభుత్వ సెలవుదినము. వారు ఏ శాసనమునకు ఎదురుచూచి దానిని కాపాడలేదు. ప్రతియేటను ఇంట చేసికొనుటచే కాపాడిరి. సొంతగడ్డపై, సొంత పొలములతో నున్న మనము అంతకు తక్కువ చేయుట సిగ్గుచేటు. రాబోవు చైత్రశుద్ధ పాడ్యమినాడు ప్రతి గృహస్థుడును తన యింట పని చేయువానిని మొదట పంక్తిలో కూర్చుండబెట్టి పచ్చడి పెట్టునుగాక. సంవత్సరాదిని కాపాడుటకు అంతకుమించిన శాసనము మనకు అక్కరలేదు.