వెలుగు లెక్క మన పిల్లలకూ రావాలి

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మీదుగా సాగింది. ఆ మధ్యాహ్నం ఎన్నో ఇళ్ళ తలుపులు మూతపడ్డాయి. ఈ జిల్లాలకు చేరువలోని రంగాపూర్‌లో మాత్రం ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాల వద్ద శాస్త్రజ్ఞులు ఆకాశంకేసి చూస్తున్నారు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో స్థాపించిన నిజామియా వేధశాలకు కొనసాగింపుగా వెలసినదే అది. అక్కడ 1968లో 48 అంగుళాల టెలిస్కోపును నెలకొల్పారు.

టెలిస్కోపు అద్దానికి, కెమెరా లెన్సుకు ఎంత వంపు ఉండాలో ఎలా తెలుస్తుంది? లెక్క వేసే తెలుసుకుంటారు. ఒక కిరణాన్ని తీసుకుంటారు. అది గాజు తలాన్ని తాకిన చోట లంబం గీసి, ఎంత కోణంలో వంగుతుందో గణిస్తారు. తర్వాతి తలం దగ్గరా అంతే. ఇలా ఎన్నో కిరణాలను చివరిదాకా వెంబడిస్తారు. గోళాకారపు లెన్సులో అంచు కిరణాలు, నడిమి కిరణాలు ఒకేచోట కలవవు, బొమ్మ మసకబారుతుంది. అప్పుడు వంపునో, గాజునో, లెన్సుల మధ్య దూరాన్నో మార్చి మళ్ళీ లెక్కిస్తారు. ఒకప్పుడు లాగరిథమ్ పట్టికలతో రోజుల తరబడి చేసిన ఈ పని ఇప్పుడు కంప్యూటర్ క్షణాల్లో చేస్తోంది. మన జేబులోని సెల్‌ఫోన్ కెమెరా వెనుక ఉన్నదీ ఈ లెక్కే.

ఈ విద్యకు మూలపురుషుల్లో మనవారున్నారు. 984 ప్రాంతంలో బాగ్దాద్‌లో ఇబ్నె సహల్ లెన్సుల ఆకారం కనుగొనడానికి వక్రీభవన సూత్రాన్ని వాడారు. ఐరోపాలో అది 17వ శతాబ్దంలో స్నెల్ పేరుతో స్థిరపడింది. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ ఏడు భాగాల ‘కితాబుల్ మనాజిర్’ రాశారు. గుండ్రటి అద్దం మీద ఏ బిందువు దగ్గర పరావర్తనం చెందితే వెలుగు కంటిని చేరుతుందన్న చిక్కు సమస్యను సాధించారు. పెద్దల మాటనైనా పరీక్షించాకే ఒప్పుకోవాలన్నది ఆయన పద్ధతి.

సభల్లో ఈ పేర్లు చెప్పుకొని గర్విస్తాం. ఇంటికి వచ్చాక చేస్తున్నదేమిటి? పది పాసైన అబ్బాయికి గల్ఫ్ వీసా వెతుకుతాం. లెక్కల్లో చురుకైన అమ్మాయితో ‘ఇక చాలు బేటీ’ అంటాం. గ్రహణం ఎవరి చావు వల్లనో, పుట్టుక వల్లనో పట్టదని బోధించిన మహాప్రవక్త (స) అనుయాయులం మనం. జ్ఞానానికి భయపడడం మనకు తగదు.

2016 నుంచి మైనారిటీ గురుకులాలు నడుస్తున్నాయి. ఆసక్తి ఉన్న పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, ఇంటర్‌లో గణితం తీసుకోనిద్దాం. ఒక గాజు పలక, నాలుగు గుండుసూదులు, ఒక స్కేలు ఉంటే చాలు, కిరణం దారి గీయడం ఇంట్లోనే మొదలవుతుంది. ఇబ్నుల్ హైసమ్ పేరు చెప్పుకోవడం తేలిక. ఆ లెక్కను మన పిల్లల చేత చేయించినప్పుడే ఆయనకు మనం వారసులం.