ట్యూలిప్ పూల సేనాని

పిల్లలూ! ఇంగ్లాండు చరిత్రలో క్రాంవెల్ పేరు మీరు వినే ఉంటారు. అతనికి కుడిభుజంగా నిలిచి, చివరకు అతనికే అడ్డు చెప్పిన జాన్ లాంబర్ట్ పేరు విన్నవారు తక్కువ. ఈ నెల అతని సంగతి చెబుతాను.

లాంబర్ట్ 1619లో యార్క్‌షైరులో పుట్టాడు. 1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. లాంబర్ట్ పార్లమెంటు పక్షాన చేరి, ముప్పయ్యేళ్లు నిండకుండానే సేనాని అయ్యాడు. ఆ యుద్ధాల మాట అలా ఉంచండి. అతను కలంతో చేసిన పని అంతకన్న పెద్దది.

1649లో రాజుకు మరణశిక్ష అమలయింది. ఇక రాజు లేని దేశాన్ని పాలించటం ఎలా? 1653లో లాంబర్ట్ పూనుకుని ఒక పత్రం సిద్ధం చేశాడు. మూడేళ్లకొకసారైనా పార్లమెంటు కూడాలి. అందులో 460 మంది సభ్యులుండాలి. దేశానికి ‘రక్షకుడు’ అని ఒక పెద్ద ఉంటాడు గాని, ఆ పదవి తండ్రి నుంచి కొడుక్కు రాకూడదు. ఇంగ్లాండుకు మొట్టమొదటి లిఖిత రాజ్యాంగం ఇదే. క్రాంవెల్ రక్షకుడయ్యాడు.

1657లో పార్లమెంటే క్రాంవెల్‌కు కిరీటం ఇవ్వబోయింది. లాంబర్ట్ వద్దన్నాడు. (రక్షక పదవి మీద అతనికే కన్ను ఉండేదని కొందరంటారు. ఉంటే ఉండవచ్చు.) క్రాంవెల్ కిరీటం పెట్టుకోలేదు గాని, తన తరవాతి వాణ్ణి తానే నియమించే హక్కు పొందాడు. అతనికి విధేయుడుగా ఉంటానని ప్రమాణం చెయ్యమంటే లాంబర్ట్ చెయ్యలేదు. పదవులన్నీ ఊడాయి. వింబుల్డన్‌లోని తన తోటకు పోయి ట్యూలిప్ పూలు పెంచుకున్నాడు. తరవాతి రోజుల్లో గిట్టనివాళ్లు పేకముక్క మీద అతని బొమ్మ వేసి, ‘బంగారు ట్యూలిప్ వీరుడు’ అని ఎగతాళి చేశారు.

1658లో క్రాంవెల్ చనిపోతే కొడుకు రిచర్డే రక్షకుడయ్యాడు, ఏడాదైనా నిలవలేదు. 1659లో లాంబర్ట్ సైనికులను తెచ్చి పార్లమెంటు తలుపులు మూయించాడు. నియమాలు రాసిన చెయ్యే ఆ పని చేసిందంటే నాకు కష్టంగానే ఉంటుంది. జీతాలు లేని అతని సైన్యం చెదిరిపోయింది. 1660 మార్చిలో అతన్ని లండన్ టవర్ అనే కోటలో ఖైదు చేశారు.

ఏప్రిల్ 10 రాత్రి ఏమయిందో వినండి. లాంబర్ట్ పట్టుతాడు పట్టుకుని కిటికీలోంచి దిగాడు. కింద థేమ్స్ నదిలో అతని మనుషులు పడవతో సిద్ధంగా ఉన్నారు. మరి గదిలో? పక్కలు వేసే జోన్ అనే పనిమనిషి అతని టోపీ పెట్టుకుని అతని పడక మీద పడుకుంది! కావలివాడు తలుపు వేస్తూ పలకరిస్తే, గొంతు మార్చి బదులు పలికింది. తెల్లవారాక గాని గుట్టు బయటపడలేదు.

పన్నెండు రోజులకే లాంబర్ట్ దొరికిపోయాడు. 1662లో మరణశిక్ష వేసి, దాన్ని యావజ్జీవ ఖైదుగా మార్చారు. మొదట గెర్న్‌సీ దీవి, తరవాత ప్లిమత్ దగ్గర చిన్న దీవి. 1684లో పోయేదాకా, దాదాపు 24 ఏళ్లు, ఖైదీగానే ఉన్నాడు. గెర్న్‌సీలో కూడా తోట వేసుకున్నాడు. పూల బొమ్మలు గీసుకున్నాడు.