పంట మానితే డబ్బు సరే.. మరి మార్కెట్?

గ్రూప్స్ మెయిన్స్ వ్యాసంలోనో, క్యాంపస్ గ్రూప్ డిస్కషన్‌లోనో మీకు ఈ ప్రశ్న ఎదురైందనుకోండి: ‘నల్లమందు పండించే రైతు వేరే పంటకు మారడానికి ప్రభుత్వం డబ్బులివ్వాలా?’ కొందరు ‘ఇవ్వాలి, పేదవాళ్లు కదా’ అంటారు. ఇంకొందరు ‘చట్టాన్ని మీరినవాడికి బహుమానమా?’ అంటారు. రెండూ తొందరపాటు జవాబులే. డబ్బు దేనికివ్వాలి, ఎప్పుడివ్వాలి అన్నదగ్గరే అసలు చర్చ మొదలవుతుంది.

ముందు పంట సంగతి. మన మసాలాలో నూరే గసగసాలు, నల్లమందు ఒకే మొక్కవి. పచ్చికాయకు గాట్లు పెడితే కారే పాలు గడ్డకట్టి నల్లమందవుతుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తర్‌ప్రదేశ్‌లలో కేంద్రం లైసెన్సు ఇచ్చిన రైతులు దీన్ని పండిస్తారు. తీసిన నల్లమందంతా ప్రభుత్వానికే అప్పగించాలి. దాంతో మార్ఫిన్ లాంటి నొప్పి మందులు తయారవుతాయి. లైసెన్సు లేనిచోట అదే సరుకు హెరాయిన్‌గా మారుతుంది.

అఫ్గాన్‌లో ఏం జరిగింది?

2002లో బ్రిటన్ సాయంతో అఫ్గాన్ తాత్కాలిక ప్రభుత్వం, పంట ధ్వంసం చేసుకున్న రైతుకు హెక్టారుకు వెయ్యి డాలర్లకు పైగా ఇస్తామంది. చాలామందికి ఆ డబ్బు అందనేలేదు. పరిహారం వస్తుందన్న ఆశతో కొత్తగా నాటినవాళ్లూ ఉన్నారు. పథకం ఎంతోకాలం నిలవలేదు. ఐక్యరాజ్యసమితి సర్వేల ప్రకారం 2002లో 74 వేల హెక్టార్లున్న సాగు 2004కల్లా 1.31 లక్షల హెక్టార్లకు చేరింది.

ఎందుకలా? రైతు వైపు నుంచి ఆలోచించండి. నల్లమందు వ్యాపారి విత్తకముందే అడ్వాన్సు ఇస్తాడు. గుమ్మం దగ్గరికొచ్చి కొంటాడు. సరుకు బరువుండదు, ఏళ్లతరబడి పాడవదు. రోడ్డు లేని ఊరికి ఇంతకన్నా ఏం కావాలి? అదే టమాటా వేస్తే? ధర పడిపోయినప్పుడు మన మదనపల్లె వైపు రైతులు పంటను రోడ్డుమీద పారబోయడం మీరు చూసే ఉంటారు. ఒకసారి ఇచ్చే పరిహారం ఆ ఏడాది ఖర్చుకు సరిపోతుందేమో. వచ్చే ఏడాది అప్పు పుట్టించేదెవరు, పంట కొనేదెవరు?

‘అయితే నిషేధిస్తే పోలా’ అంటారా? తాలిబన్లు 2022 ఏప్రిల్‌లో అదే చేశారు. 2.33 లక్షల హెక్టార్ల సాగు మరుసటి ఏడాదికి 10,800 హెక్టార్లకు పడిపోయింది. లెక్కల్లో గొప్ప విజయమే. కానీ నల్లమందు అమ్మకంతో రైతులకొచ్చే ఆదాయం 136 కోట్ల డాలర్ల నుంచి 11 కోట్ల డాలర్లకు జారిపోయింది. చాలామంది గోధుమ వేశారు, దాంతో వచ్చేది నల్లమందు ఆదాయంలో కొద్ది భాగమే. పాత సరుకు నిల్వ ఉన్న పెద్ద రైతు తట్టుకున్నాడు. కౌలు రైతు, కూలీ తట్టుకోలేకపోయారు.

థాయ్‌లాండ్ చేసిన పని

థాయ్‌లాండ్ ఉత్తర కొండల్లో రాజు భూమిబోల్ 1969లో రాయల్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. పరిశోధన కేంద్రాలు పెట్టి కొండ వాతావరణానికి నప్పే పండ్లు, కూరగాయలు, కాఫీ, పూలు ఎంపిక చేశారు. రోడ్లేశారు. పంట కొన్నారు, ప్రాసెస్ చేశారు, ‘డోయ్ ఖామ్’ బ్రాండుతో అమ్మారు. నల్లమందు పంటను పెద్దఎత్తున ధ్వంసం చేయడం 1980ల మధ్యలో గానీ మొదలవలేదు. అంటే ముందు దారి చూపించి, తర్వాత లాఠీ పట్టుకున్నారు. దీనికి ముప్పై ఏళ్లు పట్టింది, ఖర్చూ తక్కువేం కాదు. కానీ ఫలితం నిలబడింది.

అందుకే నా అభిప్రాయం ఇది: డబ్బులివ్వాల్సిందే, కానీ మూడు షరతులతో. ఒకటి, పంట పీకినందుకు కాదు, కొత్త పంట చేతికొచ్చేదాకా బతకడానికివ్వాలి. రెండు, నిషిద్ధ పంట వేసినవాడికే ఇస్తే వేయనివాడు నష్టపోయినట్టే, కాబట్టి ఊరంతటికీ అందాలి. మూడు, కొనేవాణ్ని ముందు కుదర్చాలి.

మన మన్యంలో..

పంట నల్లమందు కాదు, గంజాయి. కథ మాత్రం దగ్గరిదే. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు కొట్టేశారు. ప్రత్యామ్నాయంగా కాఫీ ఉంది. అరకు అరబికాకు 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, కొనడానికి గిరిజన సహకార సంస్థ ఉంది. కానీ కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మూడు నాలుగేళ్లు ఇల్లు గడిచేదెట్లా? సాయం అవసరమైంది సరిగ్గా అక్కడే.

ఆ ఖాళీలోకే దళారులు దూరతారు. ‘ఒక్క బ్యాగు మోస్తే చాలు’ అన్న మాట నమ్మి జైలుకెళ్తున్నవాళ్లలో మీ వయసువాళ్లున్నారు. గంజాయి 20 కిలోలు దాటితే ఎన్‌డీపీఎస్ చట్టం కింద కనీస శిక్ష పదేళ్లు. డిగ్రీ, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఆ పదేళ్లలో కొట్టుకుపోతాయి.

మీకేం పని?

చాలా ఉంది. రైతుకు డబ్బు ఇవ్వడం ప్రభుత్వానికి తేలికే. గింజల తేమ చూసి గ్రేడింగ్ చేసేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, కొనుగోలుదారుతో బేరమాడేవాళ్లు దొరకడమే కష్టం. కేంద్రం 2020లో పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం తెచ్చింది. అలాంటి సంస్థలకు సీఈఓలు, అకౌంటెంట్లు కావాలి. అగ్రికల్చర్ చదివినవాళ్లకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ‘మేనేజ్’ ఆధ్వర్యంలో అగ్రి క్లినిక్స్ శిక్షణ ఉంది. పక్కనే ఎన్ఐఆర్‌డీలో గ్రామీణ నిర్వహణ కోర్సులున్నాయి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడగలిగే మన్యం కుర్రాడు ఈ పనిలో ఎంబీఏ పట్టాదారుకన్నా ఒక అడుగు ముందే ఉంటాడు.

జీతం మొదట్లో ఐటీ అంత రాదు, ఆ మాట దాచక్కర్లేదు. అయినా రేపు దరఖాస్తులు నింపేటప్పుడు ఈ దారినీ ఒకసారి చూడండి. గ్రూప్ డిస్కషన్‌లో ఈ ప్రశ్నే వస్తే మాత్రం ‘ఇవ్వాలా, వద్దా’ దగ్గర ఆగిపోకండి. ‘మూడేళ్లదాకా ఆ ఇల్లు ఎలా గడుస్తుంది, నాలుగో ఏడు పంట ఎవరు కొంటారు?’ అని అడగండి.