తాగి వాహనం నడపడం: మనకు సంబంధం లేదనగలమా?

2025 అక్టోబర్ 24వ తేదీ తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు సమీపంలో, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళుతున్న ఒక ప్రైవేటు బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. రోడ్డుపై పడి ఉన్న ఒక మోటారు సైకిల్ బస్సు కింద చిక్కుకొని ఈడ్చుకుపోవడంతో మంటలు చెలరేగాయి. అంతకు కొద్దిసేపటి ముందే ఆ మోటారు సైకిల్ అదుపు తప్పగా, దానిని నడుపుతున్న యువకుడు మరణించాడు. అతడు మద్యం సేవించి ఉన్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు ప్రకటించారు. ఒక వ్యక్తి తాగిన మద్యానికి, అతని ముఖమైనా చూడని కుటుంబాలు మూల్యం చెల్లించవలసి వచ్చింది.

ఆ జాతీయ రహదారి మన శంషాబాద్ మీదుగానే సాగుతుంది. విమానాశ్రయం వచ్చిన తరువాత బడంగ్‌పేట్, బాలాపూర్, జల్‌పల్లి, పహాడీ షరీఫ్ ప్రాంతాల రోడ్లకు రాత్రి విశ్రాంతి లేకుండా పోయింది. క్యాబ్‌లు, ఆటోలు నడిపే మన సోదరులు ఎందరో అర్ధరాత్రి దాటిన తరువాతనే ఇల్లు చేరుతారు. అయినప్పటికీ మన మొహల్లాలలో ఈ ప్రస్తావన తెస్తే వచ్చే జవాబు ఒక్కటే: "మద్యం మనకు హరామ్. ఆ చట్టంతో మనకేం పని?"

విశ్వాసం రీత్యా ఈ మాట సత్యమే. వాస్తవం రీత్యా కాదు. మన యువకులలో కొందరు తాగుతున్నారన్నది అందరికీ తెలిసినా ఎవరూ పలకని సంగతి. మద్యం నిషిద్ధమైన ఇంటి బిడ్డ ఇంట్లో తాగలేడు. ఊరి బయటనో, మిత్రుని గదిలోనో, రహదారి పక్కనో తాగుతాడు. తెల్లవారేలోగా ఇంటికి చేరాలి గనుక ఆ స్థితిలోనే బండి ఎక్కుతాడు. "నేను నడపలేను, వచ్చి తీసుకుపొండి" అని తండ్రికి ఫోను చేసే ధైర్యం అతనికి ఉండదు. మనం దాచుకున్న సిగ్గు ఆ విధంగా రోడ్డు మీదికి వచ్చి ప్రాణాంతకమవుతోంది.

చట్టం ఏమంటున్నదో ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు మించితే నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. తాగి ఉన్నాడని తెలిసి కూడా బండి నడపమని ప్రోత్సహించిన వానికి సెక్షన్ 188 కింద అదే శిక్ష. లైసెన్సుపై కూడా వేటు పడవచ్చు. ఆటో, క్యాబ్ నడిపేవానికి లైసెన్సు పోవడమంటే ఇంటి పొయ్యి ఆరిపోవడమే.

ప్రాణనష్టం జరిగితే వ్యవహారం అక్కడితో ఆగదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 ప్రకారం నిర్లక్ష్యం వల్ల మరణం కలిగించినందుకు ఐదేళ్ల వరకు, పరిస్థితులను బట్టి సెక్షన్ 105 కింద పదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ముంబయిలో 2006లో మద్యం సేవించి కారు నడిపి, కాలిబాటపై నిద్రిస్తున్న ఏడుగురి మరణానికి కారకుడైన వ్యక్తి విషయంలో, అది కేవలం నిర్లక్ష్యం కాదనీ, హత్య కిందికి రాని నేరపూరిత నరహత్యేననీ సుప్రీంకోర్టు 2012లో నిర్ధారించింది. మృతులందరూ రోజు కూలీపై బతికే శ్రామికులు.

కర్నూలు దుర్ఘటన తరువాత హైదరాబాద్ పోలీసు కమిషనర్ తాగి వాహనాలు నడిపేవారిని ఉగ్రవాదులన్నారు. అందులోని ఆవేదన అర్థం కానిది కాదు. అయితే ఆ పదం ఒక మనిషికి అంటుకుంటే ఎంత బరువవుతుందో ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కరలేదు. చట్టం నేరాన్ని కొలతతో రుజువు చేస్తుంది, పద్ధతి ప్రకారం శిక్షిస్తుంది. ఆ పద్ధతి నిందితునికి కూడా కొన్ని హక్కులనిచ్చింది. వారెంటు లేకుండా అరెస్టు చేసిన వ్యక్తికి రెండు గంటలలోగా వైద్య పరీక్ష జరిపించాలి, లేనిచో విడిచిపెట్టాలి. శ్వాస పరీక్షకు నిరాకరించడం మాత్రం హక్కు కాదు. నిరాకరిస్తే అరెస్టు చేయవచ్చు, ఆ నిరాకరణే కోర్టులో వ్యతిరేకంగా నిలవవచ్చు. వాహనం విషయంలో తెలంగాణ హైకోర్టు 2021 నవంబర్‌లో స్పష్టమైన ఆదేశాలిచ్చింది. మత్తులో లేని, లైసెన్సు గల తోటి ప్రయాణికుడు ఉంటే అతనికి అప్పగించాలి. లేకపోతే బంధుమిత్రులను పిలిపించాలి. ఎవరూ రానప్పుడు వాహనాన్ని భద్రపరచి, ఆర్.సి., గుర్తింపు పత్రం చూపిన యజమానికి తిరిగి ఇవ్వాలి. ఇవి తెలియకనే మన పేద కుటుంబాలు దళారుల చేతిలో పడుతున్నాయి. సెక్షన్ 185 కేసు రోడ్డు మీద డబ్బు చెల్లించి ముగించుకునేది కాదు. మేజిస్ట్రేటు ముందు హాజరు కావలసిందే.

ఇక తాగి నడిపినవాని వాహనం కింద పడి నష్టపోయిన కుటుంబాల సంగతి. "అల్లాహ్ రాసినది జరిగింది" అని సబర్ చేసుకోవడం విశ్వాసికి తగినదే. కాని ఆ సబర్ పేరిట అనాథలైన పిల్లల హక్కును వదులుకోవడం తగదు. మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో పరిహారానికి దరఖాస్తు చేయడానికి చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. ఢీకొట్టిన వాహనం జాడ తెలియకపోయినా మృతుని కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50,000 రూపాయలు లభించే ఏర్పాటు ఉన్నది. న్యాయవాది ఫీజు భరించలేని స్త్రీలు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి చట్టం ఇచ్చింది.

మస్జిద్ కమిటీల సదర్లకు, పెద్దలకు మా విన్నపం ఒకటున్నది. మద్యం హరామ్ అని జుమా ప్రసంగాలలో వింటూనే ఉన్నాం. మత్తులో బండి నడిపి పరాయివాని ప్రాణం తీయడం అంతకంటె పెద్ద పాపమని, అది తౌబాతో మాత్రమే తీరని మానవ హక్కు అని కూడా చెప్పండి. ప్రమాద బాధితులకు దరఖాస్తులు రాసిపెట్టగల చదువుకున్నవారిని ప్రతి మొహల్లాలో ఇద్దరినైనా సిద్ధం చేయండి.

తల్లిదండ్రులకు మరొక మాట. "ఎప్పుడైనా ఆ తప్పు చేస్తే బండి ముట్టవద్దు, ఎంత రాత్రయినా ఫోను చెయ్యి, వచ్చి తీసుకువస్తాం" అని ఎదిగిన కొడుకుతో నేడే చెప్పండి. ఈ మాట మద్యానికి అనుమతి కాదు. మందలింపు, శిక్ష తెల్లవారిన తరువాత ఇంట్లో జరగవచ్చు. అందుకు అతడు ప్రాణాలతో ఇల్లు చేరాలి. అతని దారిలో ఎదురైనవారు కూడా చేరాలి.