గరాజ్ కబుర్లు: బోల్టు కింద బిళ్ళ

కారు ఆయిలు ఇంట్లోనే మార్చుకునే తెలుగువాళ్ళు అమెరికాలో మీరనుకునేంత తక్కువేమీ కాదు. బయటికి చెప్పుకోరంతే. శనివారం పొద్దున్నే గరాజ్ తలుపు సగం దించి, చిరుగు నిక్కరు వేసుకుని, పక్కింటివాళ్ళ కంటబడకుండా కానిచ్చేస్తుంటారు. అలాంటివాళ్ళు మన సంఘం పిక్నిక్‌లో నన్ను పక్కకి తీసుకెళ్ళి అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏవండీ, ఆ డ్రెయిన్ బోల్టు కింద ఉండే వాషరు ప్రతిసారీ మార్చాలా? పాతది చూస్తే బాగానే ఉందే!"

మార్చాలండీ. ఈ నెల కాలమ్ ఇక్కడితో ముగించెయ్యొచ్చు గానీ, ఎందుకో చెప్పకపోతే మనవాళ్ళు వినరని నాకు తెలుసు.

ఆయిల్ పాన్ అడుగున ఉన్న కన్నాన్ని బోల్టు మూస్తుందని మనం అనుకుంటాం. నిజానికి నూనెని ఆపేది బోల్టు మరలు కాదు, వాషరు. బోల్టు తల అడుగుభాగం, పాన్ మీద అది ఆనే చోటు కంటికి నున్నగానే కనిపిస్తాయి గానీ, రెండింటి మీదా సన్నటి గీతలుంటాయి. వేడెక్కిన నూనె నీళ్ళలా పల్చబడి, ఆ గీతల వెంబడే దారి వెతుక్కుంటుంది. హోండాలో వచ్చే వాషరు మెత్తటి అల్యూమినియంతో చేసింది. బోల్టు బిగించినప్పుడు అది నలిగి ఆ గీతల్లోకి సర్దుకుంటుంది. నలగడమే దాని ఉద్యోగం. ఒకసారి నలిగాక అది గట్టిపడుతుంది, పాత గీతల ముద్రలు దాని ఒంటి మీద ఉండిపోతాయి. రెండోసారి వేసినప్పుడు ఆ ముద్రలు సరిగ్గా పాత చోటే కూర్చోవు కదా!

ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. గట్టిపడ్డాక ఎంత అదిమినా ఆవిరి పక్కనించి పోతూనే ఉంటుంది. మా ఊరి బోరింగు పంపులో తోలు వాషరుదీ అదే కథ. అది అరిగితే పంపు కొట్టీ కొట్టీ చేతులు పడిపోయేవే గానీ బిందె నిండేది కాదు.

అక్కడి డీజిలు మెకానిక్కులు రాగి వాషర్లని ఎర్రగా కాల్చి, చల్లార్చి మళ్ళీ వేసేవాళ్ళు. కాలిస్తే రాగి తిరిగి మెత్తబడుతుంది, కాబట్టి అది తెలివైన పనే. కొత్తది దొరకని చోట అలా చెయ్యాల్సిందే. ఇక్కడ డీలర్ కౌంటర్లో ఒకటి రెండు డాలర్లకి దొరికేదాన్ని మిగుల్చుకోవడం మాత్రం, ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే.

పాత వాషరు వేస్తే వెంటనే ఇంజను పేలిపోదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. చాలాసార్లు ఏమీ కాదు. కొన్నిసార్లు చిన్న చెమ్మ. చెమ్మ చూసిన మనిషి ఏం చేస్తాడు? పానా పట్టుకుని ఇంకో పావు చుట్టు బిగిస్తాడు. బోల్టేమో ఉక్కు, చాలా కార్లలో పానేమో అల్యూమినియం. ఉక్కుకీ అల్యూమినియానికీ కుస్తీ పెడితే ఓడేదెవరో చెప్పక్కర్లేదు. పాన్ లోపలి మరలు కాస్త కాస్తగా చిరిగి, ఒకరోజు బోల్టు బిగుసుకోకుండా ఊరికే తిరుగుతుంది.

మా అమ్మాయి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. కాలేజీకి మా 2007 అకార్డ్ తీసుకెళ్ళింది, ఇంటికి నాలుగు గంటల దూరం. అక్కడే ఒక షాపులో ఆయిలు మార్పించుకుంది. రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం ఫోను. "నాన్నా, కారు కింద నల్లటి చుక్కలున్నాయి. మా రూమ్మేట్ చూపించింది. ఎర్ర లైటు మాత్రం వెలగలేదు." మర్నాడు పొద్దున్నే ఆ కారులోనే ఇంటికి బయల్దేరాలని తన ప్లాను.

ఈ ఎర్ర లైటు మాట అందరూ గుర్తుపెట్టుకోండి. డాష్‌బోర్డు మీద నూనె దీపంలా కనిపించే ఆ బొమ్మ చెప్పేది నూనె ఎంతుందని కాదు, ప్రెషరు పోయిందని. అది వెలిగే సరికి పంపు నూనె బదులు గాలి పీలుస్తూ ఉండొచ్చు. హైవే మీద డెబ్బై మైళ్ళ వేగంలో అది వెలిగితే, మీరు పక్కకి తీసి ఆపేలోపే బేరింగులు మాడిపోవచ్చు. అందుకని "లైటు సంగతి వదిలెయ్యి తల్లీ, డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్ళీ ముంచి చూడు" అన్నాను. చూసింది. కింది గుర్తు దగ్గర కూడా నూనె లేదు. కారు కదపొద్దని చెప్పి ఆ రాత్రే బయల్దేరాను.

కింద దూరి చూస్తే వాషరు కాగితంలా పల్చబడి, అంచు చిట్లి ఉంది. కొత్తది వెయ్యకుండా, ఆ లోటుని గాలి తుపాకీతో తీర్చారన్నమాట. బోల్టు వేలితో తిప్పితే తిరుగుతోంది. షాపాయన "కారు పాతది కదండీ" అన్నాడు. ఆయిల్ పాన్ మార్పిస్తే నాలుగు వందల డాలర్లు దాటింది. డబ్బు మాట అటుంచండి, నాకు ఆ రాత్రి దారి పొడుగునా కళ్ళ ముందు ఆడింది వేరు. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఒంటరిగా, ఎక్కడో ఎగ్జిట్లకి దూరంగా హైవే అంచున ఆగిపోయిన కారులో. ఆ సెలవుల్లోనే తనకి ఆయిలు మార్చడం నేర్పించాను. ఇప్పుడు తనే మార్చుకుంటుంది, వాషర్లు పర్సులో చిల్లరతో పాటు పెట్టుకుంటుందట.

సరే, చేసే పద్ధతికి వద్దాం. బండి చదునైన చోట పెట్టి, వెనక చక్రాలకి అడ్డు పెట్టండి. ముందు భాగం జాకుతో లేపాక జాక్ స్టాండ్ల మీదికి దించండి. ఒట్టి జాకుని నమ్మి కిందికి దూరకండి, ఒక్క నిమిషానికి కూడా. ఇంజను గోరువెచ్చగా ఉంటే చాలు.

బోల్టు ఊడదీశాక చేతిలో చూడండి, వాషరు దానితో వచ్చిందా? రాకపోతే అది పాన్‌కే అతుక్కుని, పాన్‌లో భాగంలా కనిపిస్తూ ఉంటుంది. గోరుతో గీరి చూడండి. దాన్ని వదిలేసి కొత్తది వేస్తే ఒకదాని మీద ఒకటి రెండవుతాయి, అదీ కారుతుంది. ఆ చోటు గుడ్డతో శుభ్రంగా తుడిచి, బోల్టుని ముందు వేళ్ళతోనే ఎక్కించండి. అడ్డంగా ఎక్కుతుంటే వేలికి తెలిసిపోతుంది, పానాకి తెలియదు. వెల్లకిలా పడుకున్నప్పుడు ఎటు తిప్పాలో తికమకపడేవాళ్ళకి నా చిట్కా: బోల్టు తల వైపు చూస్తూ, గుళ్ళో ప్రదక్షిణ చేసే దిశలో తిప్పితే బిగుస్తుంది.

తర్వాత టార్క్ రెంచి. మా అకార్డ్‌కి 29 ఫుట్-పౌండ్లు, అంటే 39 న్యూటన్ మీటర్లు. మీ బండికి ఎంతో దాని సర్వీసు మాన్యువల్‌లో చూసుకోండి. అది ఎంత తక్కువ బిగింపో చేత్తో పట్టుకుంటే గానీ తెలియదు. మన మగధీరులు ఊపిరి బిగబట్టి తిప్పేదాంట్లో సగం కూడా ఉండదు.

వాషర్లన్నీ ఒకటి కావు. హోండాకి 14 మిల్లీమీటర్ల బోల్టు, చాలా టొయోటాలకి 12. కొన్ని ఫోర్డ్, జీఎం బళ్ళలో విడిగా వాషరే ఉండదు, బోల్టుకే రబ్బరు ఉంటుంది. అది చిట్లనంత కాలం వాడుకోవచ్చు. కొన్ని కొత్త ఫోక్స్‌వ్యాగన్లలో ప్లాస్టిక్ ప్లగ్గే వస్తుంది, ప్రతిసారీ పారేసి కొత్తది పెట్టాలి. నేను మా ఆవిడ పక్కన పడేసిన పోపులపెట్టెలో సైజుకో గిన్నె చొప్పున వాషర్లు పెట్టుకున్నాను. ఆవాల గిన్నెలో హోండావి, మెంతుల గిన్నెలో టొయోటావి.

ఇంట్లో మార్చుకుంటే వారంటీ పోతుందేమోనని కొందరి భయం. 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఆయిలు మీరే మార్చుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ కాదనడానికి లేదు. ఆయిలు, ఫిల్టరు, వాషరు కొన్న రసీదులు దాచి, తేదీ, మైళ్ళు రాసి పెట్టుకోండి.

పాత నూనెని డ్రెయినేజీలో మాత్రం పొయ్యకండి. ఒక్క కారు నూనె పది లక్షల గాలన్ల మంచినీళ్ళని పాడుచెయ్యగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. ఖాళీ డబ్బాల్లో పోసి తీసుకెళ్తే ఆటోజోన్ లాంటి కొట్లలో చాలాచోట్ల ఊరికే తీసుకుంటారు.

చివరగా, ఇంజను రెండు నిమిషాలు నడిపి ఆపేసి, డిప్‌స్టిక్ చూసుకుని, బోల్టు చుట్టూ తెల్ల పేపర్ టవల్‌తో తుడవండి. కారు కింద ఒక అట్టముక్క పరిచి పడుకోండి. తెల్లారి అట్ట పొడిగా ఉంటే వాషరు తన పని చేసినట్టే.