పగలంతా వెతికారు... రాత్రి దొరికింది!

చీకటి పడితేగానీ బయటికి రాదు. వచ్చినా పొదల చాటున గుట్టుగా నడుస్తుంది. అలికిడైతే ఎగరడం కన్నా పరుగెత్తడమే దానికి ఇష్టం. అలా ఒకటీ రెండూ కాదు, ఎనభై ఆరేళ్లు శాస్త్రవేత్తల కళ్లుగప్పి బతికేసింది కలివికోడి. చివరికి దాన్ని తెచ్చి చూపించింది మాత్రం ఓ పల్లెటూరి వేటగాడు!

కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. గొంతు దగ్గర నారింజరంగు మచ్చ, ఛాతీమీద రెండు గోధుమరంగు పట్టీలు, చీకట్లోనూ చూడగలిగే పెద్ద కళ్లు... ఇవీ దాని గుర్తులు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన థామస్ జెర్డాన్ 1848లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. అందుకే ఇంగ్లిషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. పెన్నా, గోదావరి లోయల్లో అడపాదడపా కనిపించిన ఈ పక్షి, 1900లో అనంతపురం దగ్గర కంటపడ్డాక మాయమైపోయింది. ఎందరో వెతికారు. దొరకలేదు. ఇక అంతరించిపోయిందనే అనుకున్నారు.

బొమ్మతో ఊరూరా...

1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మళ్లీ గాలింపు మొదలుపెట్టింది. యువ పరిశోధకుడు భరత్ భూషణ్ ఈసారి అడవికన్నా ముందు ఊళ్లోవాళ్లను నమ్ముకున్నారు. పక్షి బొమ్మ చూపిస్తూ కడప జిల్లా పల్లెలు తిరిగారు. 1986 జనవరిలో, రెడ్డిపల్లి దగ్గర ఓ వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని ప్రాణాలతో పట్టుకున్నాడు. పాపం, ఆ పక్షి ఎక్కువకాలం బతకలేదు. కానీ దానివల్ల అసలు గుట్టు బయటపడింది. కలివికోడి నిశాచరి. అంతకుముందు వెతికినవాళ్లంతా దాన్ని పగటిపూట వెతికారు!

ఆ ఒక్క సంగతి తెలిశాక పనులు చకచకా సాగాయి. లంకమల అడవి అభయారణ్యమైంది. 1988లో తపాలాశాఖ కలివికోడి బొమ్మతో స్టాంపు వేసింది. 2000 తర్వాత పరిశోధకులు కొత్త ఉపాయం పన్నారు. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచారు. రాత్రి పక్షి దానిమీద నడిస్తే తెల్లారేసరికి పాదముద్రలు కనిపించేవి. కెమెరాలు పెట్టారు. పిలుపును రికార్డు చేసి, దాన్నే వినిపిస్తూ బదులు కోసం చెవులు రిక్కించారు. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల్లోకి వచ్చినప్పుడు, ఈ ఆధారాలే అక్కరకొచ్చాయి. చివరికి కాలువ దారి మళ్లింది.

గొర్రెలు వద్దా?

పరిశోధనల్లో తేలిన మరో విషయం ఇంకా ఆసక్తికరం. దట్టమైన అడవి ఈ పక్షికి గిట్టదు. బోడినేలా పనికిరాదు. హెక్టారుకి 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు, వాటి మధ్య పరుగెత్తడానికి ఖాళీ జాగా ఉండాలి. గొర్రెలూ మేకలూ అతిగా మేసినా, వంటచెరకు కోసం విపరీతంగా నరికినా పొదలు పోతాయి. అలాగని మేతే లేకపోతే పొదలు అల్లుకుపోయి నడిచే దారి మూసుకుపోతుంది. అంటే... కాపరిని తరిమేస్తే కలివికోడి బతకదు. ఎక్కడ, ఎంత మేపాలో అతనితో కూర్చుని తేల్చుకుంటేనే బతుకుతుంది. అసలు ముప్పు యంత్రాలతో నేలంతా చదును చేయడం వల్లే. మన లెక్కల్లో అది ఉత్త బీడు. దానికి మాత్రం ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క ఇల్లు!

2008 తర్వాత ఏళ్ల తరబడి మళ్లీ జాడలేదు. మళ్లీ అవే అనుమానాలు. 2025 ఆగస్టులో పక్షిప్రియుల బృందం ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో రాత్రివేళ దాని పిలుపును రికార్డు చేయడంతో ఆశ చిగురించింది.

పిలుపు వినపడింది సరే, నిలబెట్టుకోవడమెలా? పరిశోధకుడు కొన్నాళ్లుండి వెళ్లిపోతాడు. అధికారికి బదిలీ అవుతుంది. ఏడాది పొడవునా ఆ పొదల్లో తిరిగేది గొర్రెలకాపరీ, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లూ. ఏ పొద ఎప్పుడు మాయమైందో మొదట తెలిసేది వాళ్లకే. వాళ్లకు కాపలా పని ఇచ్చి, కూలి కట్టించి, వాళ్ల మాటకు విలువిస్తే కలివికోడికి అంతకుమించిన రక్షణ ఉండదు. 1986లో దాన్ని చీకట్లోంచి వెలుగులోకి తెచ్చింది కూడా అలాంటి మనిషే కదా!